తాళ్ళరేవు తూములు

పడవకు చిల్లు పడితే మునుగుతుందని చిన్నపిల్లవాణ్ణి అడిగినా చెబుతాడు. చిల్లు లేని పడవ కూడా మునుగుతుందని చెప్పేవాళ్ళు మాత్రం అరుదు. అటువంటి వాళ్ళు నలుగురు ఒకచోట దొరకాలంటే కాకినాడ దాటి తాళ్ళరేవు వెళ్ళాలి. అదీ మండువేసవిలో, మే నెలలో వెళ్ళాలి.

మే నెల అనడానికి కారణం ఉంది. మన తూర్పుతీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులపాటు, మోటారు బోట్లు వేటకు వెళ్ళకూడదని నిషేధం. చేపలూ రొయ్యలూ గుడ్లు పెట్టే కాలమని ఆ కట్టడి. సముద్రంలో చేపలకు పురుళ్ళు, ఒడ్డున బోట్లకు మరమ్మతులు! ఏడాదిలో మిగతా పది నెలలూ నీళ్ళలో నానిన బోట్లన్నీ అప్పుడే గట్టెక్కి, పొట్టలు ఎండబెట్టుకుంటూ నిలబడతాయి. బోటు అడుగుభాగం చూడాలన్నా, దాని రోగమేమిటో తెలుసుకోవాలన్నా అదే అదను.

నేను తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి. బోట్లతో నాకేమిటి పని అంటారేమో. నా దగ్గర బి.ఏ. చదివిన కుర్రవాడొకడు ఇప్పుడు తన తండ్రి వదిలివెళ్ళిన మోటారు బోటు నడిపించుకుంటున్నాడు. “మాస్టారూ, సెలవులే కదా, ఒకసారి మా బోటు మరమ్మతు చూద్దురుగాని రండి” అని మొన్నటి వేసవిలో ఫోను చేశాడు. రాజమండ్రిలో పొద్దున్నే బస్సెక్కాను.

కాకినాడలో జగన్నాథపురం వంతెన మీద నుంచి కిందికి చూస్తే, ఉప్పుటేరులో బోట్లు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ కనిపిస్తాయి. అక్కణ్ణించి యానాం రోడ్డు పట్టుకుంటే ముందు చొల్లంగి వస్తుంది. సప్తగోదావరుల్లో తుల్యభాగ సముద్రంలో కలిసే చోటు అదేనని మనవాళ్ళ నమ్మకం. పుష్యమాసపు అమావాస్యకు అక్కడ స్నానాలు. దాని తర్వాత కోరంగి. ఈ పేరు వినగానే చరిత్ర చదువుకున్నవాళ్ళకు గుండె కలుక్కుమంటుంది. ఒకప్పుడు ఓడలు కట్టిన ఊరు, ఓడలకు వైద్యం చేసిన ఊరు. ఇక్కడి నుంచి ఓడలెక్కి వెళ్ళిన మనవాళ్ళను చూసి బర్మాలో తెలుగువాళ్ళందరినీ “కోరంగీలు” అనేవారు. 1789లో ఒకసారి, 1839లో ఒకసారి తుఫాను ఉప్పెన వచ్చి ఆ ఊరిని ఊడ్చిపెట్టింది. ఇప్పుడు రోడ్డు మీద నుంచి చూస్తే మడ అడవుల పచ్చదనమే తప్ప ఆనాటి వైభవం జాడలు కానరావు. ఆ అడవిని 1978లో అభయారణ్యంగా ప్రకటించారు.

కోరంగి దాటగానే తాళ్ళరేవు. తాడిచెట్ల రేవో, మోకుతాళ్ళ రేవో తేల్చుకోకముందే బస్సు ఆగింది. కోరంగి ఓడలు పోయినా, ఓడలు కట్టే చేతివాటం మాత్రం పోలేదు. అది ఈ ఊళ్ళో బోట్ల రూపంలో బతికి ఉంది. ఏటిగట్టున చెట్ల నీడల్లో బోట్లు. కొన్ని ఇంకా పక్కటెముకలే. కొన్నింటికి బల్లలు బిగిస్తున్నారు. కొన్ని ముసలివి, రంగులు గీకించుకుంటూ కూర్చున్నాయి. రంపపుపొట్టు వాసన, జిగురు వాసన, ఏటి బురద వాసన కలిసి ముక్కుకు తగులుతాయి. ఎటు చూసినా ఉలిదెబ్బల చప్పుడే.

మా శిష్యుడి బోటు 32 అడుగుల పొడవు. చెక్క బోటే గాని, చెక్క మీద ఫైబర్‌గ్లాసు తొడుగు వేయించారు. అణియం వైపు వల చుట్టలు పెట్టే చోటు, అమరం వైపు ఇంజనుగది, మధ్య ఖాళీ డెక్కు. పడవ ముందుభాగాన్ని అణియమనీ వెనకభాగాన్ని అమరమనీ నిఘంటువులో చూసి పాఠం చెప్పినవాణ్ణే గాని, ఆ మాటలు మనుషుల నోట వినడం నాకు ఇక్కడే జరిగింది.

“ఏమిటోయ్ మరమ్మతు? చూడ్డానికి బాగానే ఉందిగా?” అన్నాను.

“తూములు మాస్టారూ” అన్నాడు.

నాకు తెలిసిన తూములు రెండు. ఒకటి నాలుగు కుంచాల కొలత. రెండోది చెరువుగట్టుకు ఉండే తూము, పంటకాలువకు నీళ్ళు వదిలేది. ఈ మూడోది బోటు డెక్కుకు ఉండేదట. డెక్కు చుట్టూ మోకాలెత్తు గోడ ఉంటుంది. మనిషి జారి సముద్రంలో పడిపోకుండా, పట్టిన చేప తిరిగి నీళ్ళలోకి దూకకుండా ఆ గోడ. ఆ గోడ డెక్కును తాకేచోట, అటు నాలుగు, ఇటు నాలుగు గుండ్రటి కంతలు. ఒక్కొక్క కంతలో ఒక గొట్టం. డెక్కు మీదికి వచ్చిన నీరు ఆ గొట్టాల్లోంచి బయటికి పోవాలి. అంతే వాటి పని. అదలా ఉంచి, పేరు తూమే అయినా నిజానికి ఇది చేసేది చెరువు అలుగు చేసే పని. అలుగు లేని చెరువు ఒక్క పెద్దవానకు తెగుతుంది. తూము లేని బోటు ఒక్క పెద్ద కెరటానికి బోర్లాపడుతుంది.

ఎందుకు పడుతుందో మేస్త్రి నాకు చెప్పాడు. అరవై దాటిన మనిషి. ఇంత పొడుగు పెన్సిలు చెవి మీద పెట్టుకుని, మాట్లాడినంతసేపూ బోటు వైపే చూస్తాడు.

“నీళ్ళు లోపలికి రాకుండా కట్టడం సగం పనండి మాస్టారండీ. వచ్చిన నీళ్ళు బయటికి పోయేట్టు కట్టడం మిగతా సగవఁండి. మొదటి సగం అందరూ చూత్తారండి. రెండోది ఎవురూ చూడరండి, ఆయ్.”

లెక్క వేసి చూసుకున్నాను. డెక్కు ఖాళీ స్థలం నాలుగు మీటర్ల పొడవు, రెండున్నర మీటర్ల వెడల్పు అనుకోండి. దాని మీద పది సెంటీమీటర్ల ఎత్తున నీళ్ళు నిలిచాయి. చీలమండ మునిగేటంత, అంతే. అది ఒక ఘనమీటరు నీరు. ఉప్పునీరు కాబట్టి సుమారు 1025 కిలోలు. పదిహేనుమంది మనుషుల బరువన్నమాట! ఆ పదిహేనుమందీ కుదురుగా కూర్చునేవాళ్ళయితే భయం లేదు. బోటు కాస్త ఎడమకు ఒరిగితే అందరూ ఒక్కసారిగా ఎడమకు పరుగెత్తుతారు. ఆ బరువుకు బోటు ఇంకాస్త ఒరుగుతుంది. ఒరిగినకొద్దీ నీళ్ళు ఇంకా అటే పోతాయి. కట్టేసిన సరుకు ఎంత ఉన్నా బోటు మోస్తుంది. అటూ ఇటూ పరుగెత్తే నీటిని మాత్రం మోయలేదు.

ఇది చిన్న బోట్ల సంగతే కాదు. 1987 మార్చి 6న బెల్జియంలోని జీబ్రగ్ రేవు దాటుతున్న “హెరాల్డ్ ఆఫ్ ఫ్రీ ఎంటర్‌ప్రైజ్” అనే పెద్ద ఓడ ముందు తలుపులు మూయకుండా బయల్దేరింది. కార్లు నిలిపే డెక్కు మీదికి నీరు చొరబడి ఒక పక్కకు పరుగెత్తింది. కొద్ది నిమిషాల్లో ఓడ పక్కకు పడిపోయింది. 193 మంది పోయారు. ఓడ అడుగున చిల్లేమీ పడలేదు. డెక్కు మీద పరుగెత్తిన నీరే పడగొట్టింది.

మా శిష్యుడి బోటులో వచ్చిన తంటా ఏమిటంటే, పాత తూములకు వేసినవి ప్లాస్టిక్కు గొట్టాలు. ఎవరో ఎప్పుడో చవకలో వేసినవి. ప్లాస్టిక్కుకు ఎండ పడదు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగిలి తగిలి అప్పడంలా పెళుసెక్కుతుంది. గొట్టం అంచు వెంట్రుకవాసి చిట్లుతుంది. ఆ చిట్లిన చోటునుంచి నీళ్ళు ఫైబర్‌గ్లాసు తొడుగుకూ చెక్కకూ మధ్యకు దిగుతాయి. పైకి రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది. తొడుగు లోపల చెక్క నానుతుంది, ఆరదు, కుళ్ళుతుంది. తొడుగు లేని పాత చెక్క బోటయితే తడిసినా ఎండకు ఆరేది. తొడుగు నీటిని రానివ్వదు, నిజమే. వచ్చిన నీటిని పోనివ్వదు కూడా!

మేస్త్రి రోగం కనిపెట్టిన పద్ధతి చూడముచ్చటగా ఉంది. చిన్న సుత్తి తీసుకుని తూము చుట్టూ తట్టుకుంటూ వచ్చాడు. మంచి చెక్క ఉన్నచోట టంగుమని పలికింది. కుళ్ళినచోట డబ్‌డబ్ మని, పండిన పనసకాయను తట్టినట్టు. ఆ శబ్దం మారినచోటల్లా పెన్సిలుతో గీత గీశాడు. ఎనిమిది తూముల్లో మూడింటి చుట్టూ చెయ్యివెడల్పు మేర గీతలు పడ్డాయి. అక్కడ తొడుగు కోసి తీసి, కత్తి మొనతో పొడిస్తే చెక్క రస్కులా పొడిపొడిగా రాలింది.

అక్కణ్ణించి పని ఇలా సాగింది. కుళ్ళినదంతా, ఇంకొక అంగుళం మంచిది కూడా కలుపుకుని, నలుచదరంగా కోసి తీశారు. కుళ్ళు ఒక్క రవ్వ మిగిలినా కొత్తచెక్కకు అంటుకుంటుందట. ఆ గుంటలను ఎండకు వదిలేశారు. “ఎన్నాళ్ళు?” అంటే, “ఆరినన్నాళ్ళు” అన్నాడు మేస్త్రి. తడిచెక్క మీద ఏ జిగురూ పట్టదు. పది రోజులకు పైగానే పట్టింది. తర్వాత టేకుముక్కలు ఆ కొలతకు చెక్కారు. టేకులో సహజంగా నూనె ఉంటుంది. ఆ నూనెవల్లే అది త్వరగా కుళ్ళదు, ఆ నూనెవల్లే జిగురూ సరిగా పట్టదు. అందుకని ముందు ఎసిటోనుతో తుడిచి, తర్వాత ఎపాక్సీ జిగురు రాసి, ముక్కలు బిగించారు.

కంత తొలిచే తీరులో ఉంది అసలు కిటుకు. గొట్టం బయటికొలత మూడంగుళాలయితే కంత నాలుగంగుళాలు తొలిచారు! ఇదేమిటి, వదులైపోదా అనుకున్నాను. ఎపాక్సీలో మెత్తటి చెక్కపొడి కలిపి, గట్టి పచ్చడిలా చేసి, ఆ కంతను నిండా పూడ్చేశారు. మర్నాటికి అది రాయిలా గట్టిపడింది. అప్పుడు దాని నడిమధ్య మళ్ళీ మూడంగుళాల కంత. ఇప్పుడు చుట్టూ అరంగుళం మందాన ఎపాక్సీ కడియం మిగిలింది. ఎప్పుడైనా గొట్టం పక్కనుంచి నీరు కారినా ఆ కడియాన్నే తాకుతుంది. చెక్కకు ఆ సంగతే తెలియదు.

గొట్టాలు ఈసారి గన్‌మెటల్‌వి, వెడల్పాటి అంచులున్నవి. మేకులు కూడా ఆ జాతి లోహంవే. గన్‌మెటల్ గొట్టానికి ఇనుప మేకు కొడితే ఉప్పునీటిలో ఆ రెంటికీ పడదు. ఇనుము తొందరగా తుప్పై రాలిపోతుంది. అంచు కింద పాలీయురితేన్ జిగురు రాసి కూర్చోబెట్టారు. మేస్త్రి తండ్రి కాలంలో గుగ్గిలం, నూనె కలిపి కాచి రాసేవారట. జిగురు రాశాక మరలు పూర్తిగా బిగించలేదు. బిగిస్తే జిగురంతా బయటికి ఉబికివచ్చి, లోపల ఏమీ మిగలదు. సగం బిగించి, ఒక రోజు ఆగి, మిగతా సగం బిగించారు. పని తెలియని వాడికి చేతిబలం ఎక్కువ, పని తెలిసినవాడికి ఓపిక ఎక్కువ.

ఇంకొక మాట చెప్పాలి. ఎనిమిది తూముల్లో రెండింటిని పూర్తిగా పూడ్చేసి, అమరం వైపు జరిపి కొత్తచోట తొలిచారు. అలా ఎందుకని అడిగాను. దానికి సరంగు జవాబు చెప్పాడు. బోటు నేల మీద దిమ్మల పైన నిలబడే తీరు వేరు, నీళ్ళలో కూర్చునే తీరు వేరు. ఇంజను, డీజిలు, ఐసు ఎక్కాక అమరం కిందికి దిగుతుంది. నేల మీద చూసి పల్లమనుకున్న చోటు నీళ్ళలో మెరక అవుతుంది. అందుకని బోటును గట్టెక్కించక ముందే, సరుకంతా మీద ఉండగానే, డెక్కు మీద బిందెలతో నీళ్ళు కుమ్మరించి, నీరు ఎక్కడ చేరిందో అక్కడ ఎర్రరంగుతో బొట్లు పెట్టి ఉంచాడు. కొత్త తూములు ఆ బొట్ల మీద వచ్చాయి. నలభై ఏళ్ళు సముద్రం మీద తిరిగిన మనిషి. అక్షరం ముక్క రాదంటాడు. ఆ బొట్లు చదవగలిగినవాణ్ణి నిరక్షరాస్యుడని నేను ఎలా అనను?

ఇంతవరకూ పని సాఫీగానే నడిచింది. పేచీ వచ్చింది కొలత దగ్గర. పాత గొట్టాలు అంగుళంన్నరవి. మేస్త్రి మూడంగుళాలు వేస్తానన్నాడు. కొలత రెట్టింపయితే దారి రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. అంత దారి వద్దన్నాడు సరంగు.

“బాబూ, ఆ కంతలోంచి నీళ్ళొక్కటే పోవు. రొయ్యలు పోతయ్” అన్నాడు మా శిష్యుడితో.

సంగతేమిటంటే, వల డెక్కు మీద విప్పి కడిగేటప్పుడు చిన్నరొయ్యలు నీళ్ళతో పాటు కొట్టుకుపోతాయి. పెద్దరొయ్య ఓనరు లెక్కలోకి వెళుతుంది. ఆ చిన్నరొయ్య మాత్రం ఈ బోటు మీద కళాసీలది. దాన్ని ఎండబెట్టి అమ్ముకుని వాళ్ళ ఇళ్ళలో ఉప్పూపప్పూ తెచ్చుకుంటారు. అందుకని ఇన్నాళ్ళూ పాత తూముల్లో గుడ్డపేలికలు కుక్కేవారు. పోనీ జాలీ బిగిద్దామంటే, పొలుసులూ నాచూ ప్లాస్టిక్కు సంచులూ పట్టుకుని గంటలో మూసుకుపోతుంది. అదీ గుడ్డపేలికతో సమానమే. సరంగుది మూర్ఖత్వం కాదు సుమా! ఐదు కొంపల పొయ్యిల గురించి మాట్లాడుతున్నాడు.

మా శిష్యుడు నా వైపు చూశాడు. నేనేం చెబుతాను? మేస్త్రి బర్మా పట్టుకుని అలాగే నిలబడ్డాడు. అప్పటిదాకా దూరంగా కూర్చుని బోటు గోడకు గరుకుకాగితం రుద్దుతున్న ఒక కళాసీ కుర్రాడు లేచి వచ్చాడు. ఇరవై రెండేళ్ళుంటాయి. ఏమీ మాట్లాడలేదు. కుడిచెయ్యి చాచి సరంగు ముందు పెట్టి, గుప్పిట మూశాడు. మూడు వేళ్ళు మూసుకున్నాయి. రెండు నిటారుగానే ఉండిపోయాయి.

సరంగు ముఖం తిప్పుకున్నాడు.

ఆ కథ తర్వాత భోజనాల దగ్గర తెలిసింది. రెండేళ్ళ కిందట నవంబరులో, భైరవపాలెం మొగ దాటి ఏట్లోకి వస్తుండగా వెనకనుంచి ఒక కెరటం విరిగి డెక్కు నిండా పడింది. తూముల్లో పేలికలు కుక్కి ఉన్నాయి. బోటు ఎడమకు ఒరిగింది, లేవలేదు. తతిమ్మావాళ్ళు కుడివైపు గోడకు వేలాడుతుంటే, ఈ కుర్రాడు మెడలోతు నీళ్ళలో బోర్లా పడుకుని, ఎడమవైపు తూములు తడుముకుంటూ ఒక్కొక్క పేలికా పీకాడు. మూడో తూము దగ్గర పగిలిన ప్లాస్టిక్కు అంచు వేళ్ళ నరాలు కోసేసింది. అయినా పీకాడు. నీళ్ళు పోయాయి. బోటు లేచింది. ఆరుగురూ ఇల్లు చేరారు.

“పేలికలు కుక్కింది ఎవరు?” అన్నాను.

“నేనేనండి” అన్నాడు కుర్రాడు. “ఆ వారం మా చెల్లికి పుస్తకాలు కొనాలండి. రొయ్యలు బాగా పడ్డాయండి.”

ఇక ఎవరూ మాట్లాడలేదు. అన్నం కలుపుకున్న చప్పుడే వినబడింది.

మధ్యాహ్నం మేస్త్రి ఒక ఉపాయం చెప్పాడు. డెక్కు నడిమధ్య, తూములకు రెండడుగులు ఎడంగా, నాలుగు బల్లలతో జానెడెత్తు మడి కట్టడం. బల్లలు గాడిలో దిగేవి, ఒక్క గుంజుతో ఊడివచ్చేవి. బల్లల అడుగున వేలెడు సందు వదిలి, దానికి సన్నకన్ను వల బిగించడం. వల విప్పేది, కడిగేది ఆ మడిలోనే. నీళ్ళు సందులోంచి డెక్కు మీదికి, డెక్కు మీద నుంచి తూముల్లోకి పోతాయి. రొయ్య మడిలో మిగులుతుంది. రొయ్యను ఆపాల్సిన చోట ఆపితే, నీటిని ఆపాల్సిన పని లేదు. మడికయ్యే ఖర్చు తనదే అన్నాడు మా శిష్యుడు. కళాసీల వాటాలో పైసా పట్టబోనన్నాడు.

సరంగు చాలాసేపు బీడీ కాల్చాడు. చివరికి, “ఒక్క సీజను సూద్దారి బాబూ. రొయ్య పోతే మాత్రం నేనూరుకోను” అన్నాడు. ఆ మాత్రం బెట్టు ఆయనకు ఉండాలి కదా!

తూముకు బయటివైపు ఒక మూత కూడా ఉంటుంది. దట్టమైన రబ్బరు బిళ్ళ, పై అంచు మాత్రమే బిగించి ఉంటుంది. లోపలి నీరు తోస్తే తెరుచుకుంటుంది. బయటి కెరటం కొడితే మూసుకుంటుంది. చూడ్డానికి చెవితమ్మెలా ఉంటుంది గాని, దాని విలువ తక్కువది కాదు. 1974 ఫిబ్రవరిలో ఇంగ్లండుకు చెందిన “గాల్” అనే పెద్ద చేపల ఓడ బేరెంట్స్ సముద్రంలో 36 మందితో మాయమైంది. ముప్ఫై ఏళ్ళ తర్వాత, 2004లో ముగిసిన విచారణలో, చేపల వ్యర్థాన్ని బయటికి పారబోసే దారుల మూతలు తెరిచి ఉండిపోవడంవల్ల నీరు లోపలికి వచ్చిందని తేల్చారు. బయటికి పోయే దారి తెరిచి ఉండాలి, లోపలికి వచ్చే దారి మూసి ఉండాలి. రెండూ ఒకే దారి కావడమే ఈ పనిలోని చిక్కు. అందుకే మేస్త్రి ఎనిమిది రబ్బరు బిళ్ళలనూ వేలితో ఎత్తి, వదిలి, ఎత్తి, వదిలి చూశాడు. ఒకటి కాస్త బిగుసుకుని కదిలింది. దాన్ని ఊడదీసి మళ్ళీ బిగించాడు. ఆ ఒక్కదానికి గంట పట్టింది.

పున్నమి పోటుకు బోటును ఏట్లోకి దించారు. దుంగల మీద నుంచి జారి నీళ్ళలో కూర్చుంటుంటే మా శిష్యుడి తల్లి కొబ్బరికాయ కొట్టింది. డీజిలు పోశారు, ఐసుకు బదులు అంత బరువుకూ ఇసుకబస్తాలు వేశారు. మళ్ళీ అమరం కిందికి దిగింది. అవతలిగట్టున మడచెట్ల వేళ్ళు పోటునీటిలో ఒక్కొక్కటే మునుగుతున్నాయి. తెల్లకొంగలు కదలకుండా చూస్తున్నాయి.

పరీక్షకు రెండువందల లీటర్ల డ్రమ్ము నిండా ఏటినీరు తోడి, డెక్కు మీద ఒక్కసారిగా దొర్లించారు. నీరు ఒక్క క్షణం తడబడి, ఎర్రబొట్లు పెట్టిన చోటికే నడిచింది. ఎవరో పిలిచినట్టు. తూముల్లో గుడగుడమంది. బయట రబ్బరుబిళ్ళలు లేచి, జలజలా ధారలు ఏట్లోకి పడ్డాయి. మా శిష్యుడు ఫోనులో సెకన్లు లెక్కపెడుతున్నాడు. నిమిషంన్నర కాకముందే డెక్కు మీద తడి తప్ప నీరు లేదు. మడిలో పరీక్షకని వేసిన గుప్పెడు చింతగింజలు మాత్రం ఒక్కటీ కదలలేదు.

సరంగు వంగి ఆ గింజలు లెక్కపెట్టాడు. వేసినవి ముప్ఫై. ఉన్నవి ముప్ఫై. “ఊఁ” అన్నాడు. ఆయన నోట అంతకు మించిన మెచ్చుకోలు రాదట.

కళాసీ కుర్రాడు మాత్రం గింజల వైపు చూడలేదు. ఎడమవైపు మూడో తూము దగ్గర కూర్చుని, కొత్తగొట్టం అంచు చుట్టూ చూపుడువేలు తిప్పి చూసుకున్నాడు. నున్నగా ఉంది.

పాఠకుల్లో ఎవరైనా కోరంగి మడ అడవులు చూడడానికి వెళితే, ఇంకొక ఐదు నిమిషాలు ప్రయాణం చేసి తాళ్ళరేవులో దిగండి. గట్టెక్కిన బోట్ల పేర్లూ, రంగులూ, అణియం మీది పసుపుకుంకుమలూ చూడండి. చూశాక గోడ డెక్కును కలిసేచోట వంగి, ఆ గుండ్రటి కంతల్లో వేలు పెట్టి చూడండి. గుడ్డపేలిక ఏదైనా తగిలితే, పెద్దమనసు చేసుకుని పీకి పారెయ్యండి. మిమ్మల్ని ఎవరైనా తిడితే, వాళ్ళకు సన్నకన్ను వల బిగించిన మడి సంగతి చెప్పి మరీ రండి.